నవ్వుతున్నట్లుగా పరిగణించడమైనది

రేవుపురం పురపాలక సంఘం కార్యాలయంలో జనన మరణాల విభాగానికి రెండు కిటికీలు. పుట్టినవాళ్ళ కిటికీలో అప్పలకొండ కూర్చుంటాడు. పోయినవాళ్ళ కిటికీలో మంగతాయారు కూర్చుంటుంది. అప్పలకొండ దగ్గరికి వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు మిఠాయి పొట్లం తెస్తారు. మంగతాయారు దగ్గరికి ఎవరూ ఏమీ తీసుకురారు. అయినా ఆ కార్యాలయం మొత్తంలో జనం పని అయిపోయాక కూడా కాసేపు కూర్చుని వెళ్ళే చోటు అదొక్కటే.

అదంతా ఆవిడ మొహం మహిమ. పుట్టుకతోనే ఆవిడ పెదవుల కొనలు కిందికి దిగి ఉంటాయి, రెప్పలు సగం వాలి ఉంటాయి. బళ్ళో పంతులమ్మ రోజూ "ఎవరు కొట్టారే నిన్ను?" అని అడిగేది. ఎవరూ కొట్టలేదు. పెళ్ళిచూపుల్లో పెద్దిరాజు ఆ మొహం చూసి, పిల్లకి తను నచ్చలేదేమోనని కంగారుపడితే, అతని తల్లి అచ్చియ్యమ్మ కొట్టిపారేసింది. "నచ్చకపోడం కాదురా, ఆ మొహవే అంత. కష్టం సుఖం తెలిసిన మొహం. నాకు నచ్చింది, ఇంక నువ్వు నోరుముయ్యి" అని అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చేసుకుంది.

ఇంట్లో మనిషిని పోగొట్టుకుని కాగితం కోసం వచ్చినవాళ్ళు కిటికీలో ఆ మొహం చూడగానే, ఈవిడకి మన కబురు ముందే అందినట్టుందే అనుకుంటారు. మంగతాయారు చేసేది పెద్దగా ఏమీ ఉండదు. "కూర్చోండి. ముందు మంచినీళ్ళు తాగండి" అంటుంది. తరవాతే పేరూ ఊరూ అడుగుతుంది. వాళ్ళు లేచేటప్పుడు ఒక్కసారి తల ఊపుతుంది. చావింటినుంచి లేచేవాళ్ళు "వెళ్ళొస్తాం" అనరు, ఆ ఇంటివాళ్ళు "మళ్ళీ రండి" అనరు. ఆ కిటికీ దగ్గర కూడా అదే మర్యాద. అది ఏ జీవోలోనూ లేదు కాబట్టి పై అధికారులకి తెలిసే వీలు లేదు.

అచ్చియ్యమ్మ మంచం పట్టి చాలాకాలమైంది. నోరు మాత్రం మంచం పట్టలేదు. కోడలు ఆఫీసునుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకునేది. "ఒసే తాయారూ, నేను పోయిన్నాడు నువ్వు నా తలకాడ కూచోవాలే. నా కూతురు నూకరత్నం ఏడుపు ఒట్టి గోల, ఎవరికీ కన్నీళ్ళు రావు. నీ మొహం చూస్తే చాలు, ఈధంతా ఏడుస్తాది. నాకా ముచ్చట తీర్చు" అనేది. మంగతాయారు "ఊరుకోండత్తయ్యా" అనేది గాని, లోపల్లోపల ఆ మాట ఆవిడకి గర్వంగా ఉండేది. తన మొహాన్ని ఫలానా పనికి కావాలని అడిగిన మనిషి లోకంలో అత్తగారొక్కతే.

ఇలా ఉండగా రేవుపురానికి ఆనందభూషణం గారు కమిషనరుగా వచ్చారు. ఆయనకి పనంటే ఇష్టం. అంతకుముందు ఎవరూ చెయ్యని పనంటే మరీ ఇష్టం. పైదేశంలో ఏదో శిక్షణకి వెళితే, అక్కడ బ్యాంకులో ఒక గుమాస్తా ఆయన్ని చూసి నవ్విందట. అది ఆయన మనసులో నాటుకుపోయింది. వచ్చిన మర్నాడే సిబ్బందినందరినీ సమావేశపరిచారు.

"పౌరుడు కార్యాలయంలో అడుగు పెట్టగానే అతనికి ఎదురయ్యేది మన సేవ కాదు, మన ముఖం. సేవలో జాప్యం జరగవచ్చు. ముఖంలో జాప్యాన్ని సహించేది లేదు. నేటినుండి మన సంఘంలో చిరునవ్వు పాలన అమలులోకి వస్తున్నది" అన్నారు.

ప్రతి కిటికీకీ ఒక కెమెరా, దాని కింద ఒక చిన్న దీపం బిగించారు. గుమాస్తా నవ్వుతూ "మీకు సేవ చేయడం మా భాగ్యం, మళ్ళీ మళ్ళీ రండి" అంటే పచ్చ దీపం వెలుగుతుంది. పచ్చ దీపం వెలిగితేనే ప్రింటరు కదులుతుంది. ఎర్ర దీపం వెలిగిందంటే కాగితం బయటికి రాదు. రోజూ సాయంత్రానికి ఎవరి నవ్వుకి ఎన్ని మార్కులో కమిషనరు గారి బల్లమీద చేరతాయి. మంగతాయారు కిటికీలో కాగితాలు ఆగిపోయాయి, మార్కులు సున్నాకి కిందకి పోయాయి. కెమెరా కంపెనీవాళ్ళు ఇలాంటి ముఖం వస్తుందని ఊహించలేదట, కిందికి పోవడానికి ప్రత్యేకంగా ఏర్పాటు చేసి వెళ్ళారు.

మిగతావాళ్ళ సంగతీ అంతంతమాత్రమే. పొద్దున పెట్టిన నవ్వు కాఫీవేళకి జారిపోతోంది. పన్ను విభాగంలో ఒకాయన దవడ పట్టేసి ఆసుపత్రిలో చేరాడు. ఆనందభూషణం గారు దీర్ఘంగా ఆలోచించి పాలకవర్గం ముందు ప్రతిపాదన పెట్టారు.

"నవ్వును ఉద్యోగి ఇష్టాయిష్టాలకు వదిలిపెట్టడమే మనం చేసిన తప్పిదం. రహదారిలో గుంత పడితే రోజూ మట్టి పోస్తామా, ఒక్కసారి కాంక్రీటు వేస్తామా?" అని అడిగారు. రేవుపురంలో ఆ రెండూ చెయ్యరు. అయినా సభ్యులు బల్లలు చరిచి ఆమోదించారు.

అలా సిబ్బందికి శాశ్వత చిరునవ్వు శస్త్రచికిత్స మంజూరైంది. టెండర్లు పిలిచారు. ఒక్కొక్క ముఖానికి తగ్గట్టు ఒక్కొక్క నవ్వు చెక్కుతామన్న డాక్టర్లందరూ వెనకబడిపోయారు. అందరికీ ఒకటే నవ్వు అయితే చవకలో అయిపోతుందన్న లావణ్య సౌందర్య చికిత్సాలయానికి పని దక్కింది. ఆ ఒకటి ఎవరి నవ్వు కావాలన్నదానిమీద కమిటీ వేశారు. కమిటీ కేలండర్లు చూసింది, టూత్‌పేస్టు డబ్బాలు చూసింది, చివరికి కార్యాలయం గేటు దగ్గర పెద్ద బోర్డుమీద ఉన్న ఆనందభూషణం గారి నవ్వే అన్నివిధాలా శ్రేష్ఠమని ఏకగ్రీవంగా తేల్చింది. ఆయన వద్దు వద్దంటూనే సంతకం పెట్టారు.

చికిత్సాలయంలో డాక్టరమ్మ మంగతాయారు గడ్డం పట్టుకుని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"మీ కండరాలన్నీ నేలచూపులే చూస్తున్నాయమ్మా. పెదవి చివర్లు చిన్న గాటు పెట్టి పైకి కుట్టేస్తాం. బుగ్గల్లో మందు నింపుతాం. నొప్పేం తెలీదు. బయటికెళ్తే వీటన్నిటికీ ఎంతవుతుందో తెలుసా? అదృష్టవంతులు" అంది.

"డాక్టరుగారూ, నేను పోయినోళ్ళ కిటికీలో కూచుంటానండి" అంది మంగతాయారు.

"అయితే ఇంకా మంచిది. పాపం, వాళ్ళకీ కాస్త ఉత్సాహంగా ఉంటుంది."

కట్లు విప్పాక పెద్దిరాజు భార్యని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. కమిషనరు గారు తన ఇంటి గుమ్మంలో చీర కట్టుకుని నిలబడినట్టుందని అతను పైకి అనలేదు. అచ్చియ్యమ్మ అలా మొహమాటపడే రకం కాదు.

"ఎవరే నువ్వు? నా కోడలేది?"

"నేనే అత్తయ్యా. ఆఫీసులో ఆపరేసన్ చేశారు."

"మూలుగుతా పడుంటే నన్ను చూసి నవ్వుతావేంటే?"

"నవ్వట్లేదత్తయ్యా. కుట్టేశారు."

ముసలావిడ చాలాసేపు చూసింది. చెయ్యి చాపి, కోడలి పెదవి కొసని బొటనవేలితో కిందికి లాగి చూసింది. వదలగానే అది మళ్ళీ పైకి పోయింది. "నా తలకాడ ఈ మొహం పెట్టుకు కూచుంటావా? దిగదీయించెయ్యి దీన్ని. దిగదీసేదాకా నేను పోను" అని గోడవైపు తిరిగి పడుకుంది. అంత పంతం పట్టగల మనిషే గాని, ఒంట్లో అంత కాలం మిగిలి లేదని మంగతాయారుకి తెలుసు. ఆ రోజునుంచి ఆవిడకి ఒకటే ధ్యాస. అత్త కళ్ళు మూసేలోగా తన మొహం తనకి రావాలి.

ఆఫీసులో కిటికీ తెరిచిన మొదటిరోజే గొడవైంది. పడవ తిరగబడి తమ్ముణ్ణి పోగొట్టుకున్న పల్లయ్య వచ్చాడు. వయసు మళ్ళిన మనిషి. పేరు చెప్పబోతూ తలెత్తి చూసి ఆగిపోయాడు.

"ఏటమ్మా, నవ్వులాటగా ఉందా నీకు?" అని కిటికీ గట్టుమీద అరచేత్తో చరిచాడు.

మంగతాయారు ఎంత వేడుకున్నా ఆ వేడుకోలు కూడా నవ్వులాగే ఉంది. పైగా కాగితం రావాలంటే ఆ వాక్యం అనక తప్పదు. "మీకు సేవ చేయడం మా భాగ్యం, మళ్ళీ మళ్ళీ రండి" అంది గొణుగుతూ. పచ్చ దీపం వెలిగింది. పల్లయ్య కాగితం లాక్కుని, శాపనార్థాలు పెడుతూ వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆవిడకి నూటికి నూరు మార్కులు వచ్చాయి.

ఫిర్యాదులు పోగుపడ్డాక ఆనందభూషణం గారు వెంటనే స్పందించారు. కిటికీ పైన బోర్డు పెట్టించారు: "ఇచ్చటి సిబ్బంది నవ్వు శాఖాపరమైనది, వ్యక్తిగతమైనది కాదు." దాంతో సమస్య పరిష్కారమైనట్లు నివేదిక వెళ్ళింది.

మంగతాయారు అర్జీ పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, నా పాత మొహం నాకు ఇప్పించండి. మా అత్తగారు ఇవాళో రేపో అన్నట్టున్నారు."

"మంగతాయారు గారూ, మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ ముక్కు దిగువనుండి చుబుకం వరకు గల భాగం ప్రస్తుతం పురపాలక సంఘపు స్థిరాస్తి. దానిని విప్పడం ప్రజా ఆస్తుల విధ్వంసం కిందికి వస్తుంది."

"పోనీ నన్ను పుట్టినోళ్ళ కిటికీకి మార్చండి సార్. అక్కడైతే నవ్వినా చెల్లుద్ది."

"నవ్వు మంజూరైనది పోస్టుకు, మనిషికి కాదు. మీరు బదిలీ అయితే నవ్వును తరవాత వచ్చే ఉద్యోగికి అప్పగించి వెళ్ళవలసి ఉంటుంది. అందుకు తగిన వైద్య విధానం ఇంకా అందుబాటులోకి రాలేదు." ఆయన నిజంగానే జాలిపడ్డారు. "శోక మినహాయింపు అని ఒక నిబంధన పెట్టించాను. రక్తసంబంధీకులు గాని, అత్తమామలు గాని మరణించినచో ఒక్కరోజు కుట్లు వదులు చేయించుకోవచ్చును. అయితే ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం జతపరచాలి."

"పోకముందే పోయినట్టు కాగితం ఎక్కణ్ణించి తేను సార్?"

"ఆ విభాగం చూసేది మీరే కదా" అన్నారు ఆయన, ఇందులో కష్టమేమిటో బోధపడక.

చేసేది లేక మంగతాయారు తనకి తెలిసిన ఉపాయం తను పన్నింది. దుఃఖం వచ్చినప్పుడు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం ఉన్నదే. ఆవిడ కిటికీలో కూర్చుని కొంగు మూతిమీదికి లాక్కుంది. కళ్ళు మాత్రం పాతవే, సగం వాలినవి. వచ్చినవాళ్ళు ఆ కళ్ళు చూసి మళ్ళీ కూర్చోసాగారు. దీపం మాత్రం ఎర్రగా వెలిగింది. వాక్యం అనడానికి చివర్లో ఒక్కసారి కొంగు తీసి, అనేసి, మళ్ళీ వేసుకునేది. మూడోనాడు మెమో వచ్చింది. సంఘపు ఆస్తిని ప్రజల దృష్టికి కనపడకుండా దాచినందుకు తమపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలసినదని అందులో ఉంది. కొంగు దింపక తప్పలేదు.

అంతటితో అయిపోలేదు. కెమెరా గుమాస్తానే కాక ఎదుటి మనిషిని కూడా చూస్తుందని, ఇద్దరి మార్కులూ కలిపి లెక్క కడుతుందని కంపెనీవాళ్ళు కనిపెట్టి చెప్పారు. పోయినవాళ్ళ కిటికీ దగ్గర ఎదుటి మనిషి మార్కులు ఘోరంగా ఉన్నాయి. కమిషనరు గారు వరండాలో టెంటు వేయించి, పౌర చిరునవ్వు పథకం ప్రారంభించారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళకి రెండు బుగ్గల్లోనూ సూదిమందు ఎక్కిస్తారు. సాయంత్రం దాకా నవ్వు దిగదు. సూది వేయించుకున్నవాళ్ళ కాగితాలు ముందు చూస్తారు. పాపం, దినకర్మల హడావుడిలో ఉన్నవాళ్ళు, తొందర పని కదా అని వేయించుకునేవారు. అలా రేవుపురంలో చావు జరిగిన ఇళ్ళకి మగాళ్ళు ఆఫీసునుంచి నవ్వుకుంటూ తిరిగివెళ్ళడం మొదలైంది. రెండు కుటుంబాల్లో ఆస్తి తగాదాలు దీనివల్లే ముదిరాయని చెప్పుకున్నారు.

జిల్లాకే మొదటిస్థానం రావడంతో పైనుంచి సంచాలకులు తనిఖీకి వచ్చారు. అంతా చూసి మెచ్చుకుని, సరదాగా ఆనందభూషణం గారిని కూడా కెమెరా ముందు కూర్చోమన్నారు. ఆయన ధీమాగా కూర్చుని నవ్వారు. ఎర్ర దీపం వెలిగింది. కెమెరాకి ఇప్పుడు కొలత బోర్డుమీది నవ్వే. ఆ ఫోటోని స్టూడియోవాళ్ళు కాస్త సవరించి అచ్చువేశారన్న సంగతి అప్పుడు బయటపడింది.

"ఇది నా సొంత నవ్వండీ. నమూనా నాదే కదా" అన్నారు ఆనందభూషణం గారు.

"నమూనా ఆమోదం పొందినది. తమరు పొందలేదు. సరిచేయించుకోండి" అని రాసి వెళ్ళారు సంచాలకులు.

వారం తిరక్కుండా కమిషనరు గారు సెలవు పెట్టి, బ్రహ్మాండమైన నవ్వుతో తిరిగివచ్చారు. తాను సంతకం చేసిన నవ్వు తన ముఖానికి కొంచెం బిగుతుగా ఉన్నట్టు ఆయనకి అనిపించింది గాని, ఎవరితోనూ అనలేదు.

ఆ తరవాతి సోమవారం తెల్లవారుజామునే అచ్చియ్యమ్మ పోయింది. చివరిదాకా కోడలి చెయ్యి పట్టుకునే ఉంది, కాని మొహంవైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, "తాయారూ, ఏదైనా మాట్లాడవే. నీ గొంతైతే నీదే కదా" అంది. మంగతాయారు ఏవో ఇంటి కబుర్లు చెబుతూనే ఉంది. వినేమనిషి లేకుండా పోయిందని ఆవిడకి కాసేపటికి గాని తెలియలేదు.

వీధి వీధంతా వచ్చింది. మంగతాయారు అత్త తలదగ్గర కూర్చుంది, ఆవిడ అడిగినట్టే. కడుపులోనుంచి దుఃఖం తన్నుకొస్తోంది, మొహం మాత్రం విరగబడి నవ్వుతోంది. వచ్చినవాళ్ళు ఏడవబోయి, ఆవిణ్ణి చూసి, సర్దుకుని, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నూకరత్నం గుండెలు బాదుకోవడం ఆపి వదినమీదికి లేచింది.

"మా అమ్మ పీడ విరగడైందని అంత సంబరంగా ఉందేంటే? లోపలికి పో, ఇక్కణ్ణించి లే" అంది.

పెద్దిరాజు ఏదో చెప్పబోయాడు. మంగతాయారు వద్దని సైగ చేసి లేచి, వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అచ్చియ్యమ్మ కోరుకున్న ముచ్చట తీరలేదు. వీధిలో ఎవరూ పెద్దగా ఏడవలేదు.

చిన్నదినం మర్నాడు మంగతాయారు కాగితం కోసం ఆఫీసుకి వెళ్ళింది. ఈసారి కిటికీకి అవతలివైపు, వరసలో నిలబడింది. వరండాలో సూదులు వేయించుకుని వచ్చినవాళ్ళంతా బారులు తీరి నవ్వుతున్నారు. గుమాస్తా తన ఇంటి చావు తాను నమోదు చేసుకోరాదు, సాక్షాత్తు కమిషనరే కిటికీలో కూర్చుని చెయ్యాలని నియమం. ఆనందభూషణం గారు ఆవిడ కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మృతురాలి పేరు?"

"అచ్చియ్యమ్మండి."

"మీకు ఏమవుతారు?"

"అత్తగారు." ఆవిడ కిటికీ గట్టు పట్టుకుంది. "అమ్మలాంటిదండి."

ఆయన తలెత్తారు. ఎదురుగా తన నవ్వే ఉంది. తన బోర్డుమీదినుంచి, తన సంతకంతో కత్తిరించి అతికించిన నవ్వు. దానికిరువైపులా నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎత్తుగా నిలబడిన బుగ్గల దగ్గర ఆ నీళ్ళకి దారి తెలియక, ఆగి, పక్కలకి తిరిగి చెవులవైపు పోతున్నాయి. ఆయన అన్నీ రాసుకున్నారు. ఇక ఆ వాక్యం ఒక్కటే మిగిలింది.

"మీకు సేవ చేయడం మా భాగ్యం..." అని ఆగారు.

ఎర్ర దీపం వెలుగుతోంది. ప్రింటరు కదలడం లేదు. ఆయన మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగారు. ఆయనకీ తల్లి పోయిన ఇల్లు ఒకటి ఉండేది. అక్కడ ఎవరు ఏమంటారో, ఏమనకూడదో ఆయనకి తెలియక కాదు.

వరసలో వెనకనుంచి పల్లయ్య గొంతు వినిపించింది. తమ్ముడి కాగితంలో పేరు తప్పుపడితే దిద్దించుకోవడానికి వచ్చాడు. మొహాన సూది నవ్వు ఉంది, గొంతులో లేదు. "అనెయ్యండి బాబూ. ఆయమ్మ చేత మమ్మల్నందర్నీ అనిపించారు కదా. ఆయమ్మింటికి కూడా ఇంకో చావు రమ్మని అనెయ్యండి."

ఆనందభూషణం గారు పక్కనున్న ఫైలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదిలాయి. ఫైలు అలాగే పట్టుకుని, రెండోచేత్తో అలమరలోనుంచి పాత అచ్చు కాగితం తీసి, అచ్చియ్యమ్మ పేరు కలంతో రాసి, సంతకం చేసి, కిటికీలోనుంచి అందించారు. గ్లాసుతో మంచినీళ్ళు కూడా జరిపారు. మంగతాయారు నీళ్ళు తాగింది. ఒక్కసారి తల ఊపి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆయనా ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం, సంఘపు ఆస్తిని ఫైలుతో దాచినందుకు కమిషనరుపై చర్య తీసుకోవలసిందిగా కెమెరానుంచి కమిషనరుకి నివేదిక వచ్చింది. ఆయన రాత్రంతా ఆలోచించి ఉంటారు. ఆపరేషన్లు తప్పని రాస్తే పాలకవర్గం తప్పు చేసినట్టవుతుంది, టెండరు తప్పవుతుంది, మొదటిస్థానం తప్పవుతుంది. మర్నాడు సర్క్యులరు వెలువడింది.

"మరణ నమోదు విభాగమునందు విధి నిర్వహణలో నున్న సిబ్బంది గాని, విచ్చేయు పౌరులు గాని కొంగు, కండువా, ఫైలు మొదలగు వానితో నోటిని కప్పుకొనినచో, దాని వెనుక చిరునవ్వు యథాతథముగా ఉన్నట్లు పరిగణించి పూర్తి మార్కులు వేయవలెను. కప్పిన నోటికి ముగింపు వాక్యము వర్తించదు."

పెద్దకర్మ అయ్యాక మంగతాయారు పనిలో చేరింది. ఆ రోజు మొదట వచ్చినది చిన్నవయసు పిల్ల, మొగుణ్ణి పోగొట్టుకుంది. కిటికీ దగ్గరికి వచ్చి ఏం చెప్పాలో తెలియక నిలబడింది. మంగతాయారు కొంగు మూతిమీదికి లాక్కుంది.

"కూర్చోమ్మా. ముందు మంచినీళ్ళు తాగు."

ఆ పిల్ల గట్టుమీద తలవాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. మంగతాయారుకి వారాల తరబడి ఎక్కడా కుదరని ఏడుపు అప్పుడు కుదిరింది. అత్త తలదగ్గర ఏడవాల్సిందంతా కొంగులోకి ఏడ్చింది. దీపం పచ్చగా వెలుగుతోంది. ఆవిడ ఆ రోజంతా నవ్వుతున్నట్లే పురపాలక సంఘం పరిగణించింది.